ఒక్క మనిషి వినాల్సిన ఉపన్యాసం

నా స్వరపేటిక తీసేసి అప్పటికి ఏడాది దాటింది. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద ఎప్పుడూ పల్చటి గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచే. మాట మాత్రం లేదు. మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి కొన్నాం గానీ, అందులోంచి వచ్చే గొంతు నాది కాదు, అసలు మనిషిదే కాదు. రెండు మూడు సార్లు వాడి బీరువాలో పెట్టేశాను. పాలవాడికీ కూరగాయల బండామెకూ సైగలు సరిపోతాయి. మిగతావాటికి పిల్లలు గీసుకునే ప్లాస్టిక్ పలక ఒకటి దగ్గర ఉంచుకున్నాను. రాయడం, చూపించడం, మీట నొక్కి తుడిచేయడం.

అంతకుముందు నా బతుకంతా మాటలతోనే గడిచింది. నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు ఆ చుట్టుపక్కల హాళ్లలో ఏదో ఒక సభ. పదవీ విరమణ అయినా, పుస్తకావిష్కరణ అయినా, సంతాప సభ అయినా నన్ను పిలిచేవారు. కాలేజీలో వక్తృత్వ పోటీలకు వెళ్లే పిల్లలకు తర్ఫీదు ఇచ్చేది కూడా నేనే. వాళ్లకు ఒకే మాట పదే పదే చెప్పేవాణ్ణి. రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి నోట్లో వేసుకుని చూడండి, నాలుకకు అడ్డం పడితే ఆ వాక్యం పనికిరాదు అని. ఆపరేషన్ తర్వాత నేను రాసే వాక్యం నాలుకకు అడ్డం పడుతుందో లేదో నాకే తెలియకుండా పోయింది. రాయడం కూడా మానేశాను.

అలా ఉన్న రోజుల్లో ఒక వానాకాలం నా మిత్రుడు పోయాడు.

నైట్ కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాడిది పాలమూరు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే, అక్క వాణ్ణి వెంటబెట్టుకుని పట్నానికి వచ్చింది. ఇళ్లు కట్టే చోట ఇటుకలు మోసి, ఆ లేచే గోడల పక్కనే గుడిసె వేసుకుని తమ్ముణ్ణి బడికి పంపింది. వాడు సర్కారు ఆఫీసులో గుమాస్తా అయి, పెళ్లి చేసుకుని స్థిరపడ్డాక ఆమె ఊరికి వెళ్లిపోయింది. అశోక్‌నగర్‌లో వాడు చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలకు పై వాటా కిరాయికి ఇచ్చి, కింద భార్యతో, ఒక్కగానొక్క కూతురితో ఉండేవాడు. భార్య పోయాక తండ్రీ కూతుళ్లే మిగిలారు.

భార్య పోయిన మరుసటి ఏడు వాడు తన దేహాన్ని ఒక మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. సాక్షి సంతకం నాదే. ఎందుకురా అంటే, "నేను సదివింది అంతంతే. నన్ను జూసి నలుగురు డాక్టర్లు సదువుకుంటరు" అన్నాడు. అక్కకు చెప్పావా అంటే, "చెప్పిన. నోర్మూసుకొమ్మన్నది" అని నవ్వాడు.

ఒక పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడు. కూతురు ఫోన్ చేస్తే నేనూ మా ఆవిడా చిక్కడపల్లి నుంచి ఆటోలో వెళ్లేసరికి డాక్టరు వచ్చి చూసి చెప్పేశాడు. ఆ అమ్మాయి ఏడుస్తూనే మెడికల్ కాలేజీకి ఫోన్ చేసింది, మేనత్తకు ఫోన్ చేసింది. వాన పడుతోంది. అక్క బస్సెక్కిందని తెలిసింది గానీ తర్వాత ఆమె ఫోన్ కలవలేదు, ఎక్కడిదాకా వచ్చిందో తెలియలేదు. ఆలస్యమైతే దేహం చదువుకు పనికి రాకుండా పోతుందేమోనని ఇంట్లో అందరికీ ఒకటే భయం. మధ్యాహ్నం దాటాక బండి వచ్చింది. తీసుకెళ్లి అప్పగించి వచ్చాం.

అక్క సాయంత్రం వచ్చింది. తడిసిన చీరతో గుమ్మంలో నిలబడి ఖాళీ మంచం వైపు చూసింది.

"యాడ కాలవెట్టిన్రు?" అని అడిగింది.

కాల్చలేదని, కాలేజీకి ఇచ్చామని ఎవరో చెప్పారు. ఆమె ఏడవలేదు. కాసేపు బయటి మెట్టు మీద కూర్చుంది. తర్వాత లేచి, అడిక్‌మెట్‌లో ఉండే తన కొడుకు ఇంటికి వెళ్లిపోయింది. మేనకోడలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

కర్మలు చేసే పని లేదు కనుక ఆ అమ్మాయి నారాయణగూడలో చిన్న హాలు ఒకటి మాట్లాడి సంస్మరణ సభ పెట్టాలనుకుంది. ఆ సంగతి చెప్పడానికి మా ఇంటికి వచ్చింది.

"అంకుల్, మీరే మాట్లాడాలె" అని, వెంటనే తల దించుకుంది. "అంటే, రాసియ్యండి. ఆంటీ చదువుతది."

మా ఆవిడ సర్కారు బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. తరగతి గదిలో ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది. కానీ మైకు ముందు నిలబడమంటే ఏదో ఒక పని కల్పించుకుని తప్పించుకునేది. ఆ రోజు తప్పించుకోలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"అత్తమ్మ సభకు వస్తదంట. నాతోని మాత్రం మాట్లాడదంట. మీరంటె ఆమెకు మర్యాద ఉన్నది అంకుల్. మీరు చెప్తె ఇంటదేమో" అంది ఆ అమ్మాయి.

"ఏం చెప్పాలి?" అని పలక మీద రాశాను.

"నాన్న చేసింది తప్పు గాదని చెప్పండి."

ఆ అమ్మాయి వెళ్లాక బల్ల ముందు కూర్చున్నాను. ఆపరేషన్ తర్వాత కలం పట్టుకుని రాయడానికి కూర్చోవడం అదే మొదలు. చేతికి పాత అలవాటు ఉంది కదా, ఆగకుండా వచ్చింది. దేహదానం ఎంత గొప్ప పనో రాశాను. వైద్య విద్యకు దాని వల్ల కలిగే మేలు, మూఢనమ్మకాలను దాటి ఆలోచించాల్సిన అవసరం, మా మిత్రుడి విశాల దృక్పథం, ఒకదాని తర్వాత ఒకటి కుదిరాయి. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ చప్పట్లు పడతాయో కూడా నాకు కనిపిస్తూనే ఉంది. పూర్తయ్యాక తీసుకెళ్లి మా ఆవిడ చేతిలో పెట్టాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"మరణానంతరం సైతం తన పార్థివ దేహం సమాజ శ్రేయస్సుకు వినియోగపడాలన్న ఉదాత్త సంకల్పంతో..." అని ఆగింది. ఊపిరి తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివింది. మళ్లీ అక్కడే ఆగింది. "ఇవి నా నోట్ల తిరుగుతలేవు. ఇంత పొడుగు మాట నేను ఎన్నడన్న మాట్లాడిన్నా?"

"చిన్నవి చేస్తాను" అని రాసి చూపించాను.

"పొడుగు సంగతి తర్వాత. ఎవరికి రాసిన్రు ఇది?"

అక్క కోసమే కదా అన్నట్టు చూశాను.

"ఆమె తమ్ముడు పోయిండు. మీరేమొ ఆమెకు పాఠం చెప్తున్నరు. అందరి ముందల నిలబెట్టి నీది మూఢనమ్మకం అంటున్నరు. ఇది ఇంటె అడిక్‌మెట్ గాదు, అట్నుంచి అటే ఊరికి పోతది."

కాగితం వెనక్కి తీసుకున్నాను. కోపం వచ్చింది, అది ఆమె మీద కాదని తెలుస్తూనే ఉంది. ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి. వినేవాళ్లు ఎవరో తెలుసుకోకుండా కలం ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పినవాణ్ణి. అక్క మనసులో ఉన్నది ఏమిటో ఆమెనే అడగాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ఆచారం జరగలేదని ఆమె కోపం అని అందరం అనుకున్నాం, అంతే.

"పోయి కలిసొద్దాం" అని రాశాను.

"నేను గూడ అదే అందామనుకున్న" అంది మా ఆవిడ.

మర్నాడు పొద్దున వెళ్లాం. అడిక్‌మెట్‌లో అక్క కొడుకు ఇల్లు మేడ మీద రెండు గదుల వాటా. అతను తాపీ మేస్త్రీ, అప్పటికే పనిలోకి వెళ్లిపోయాడు. కోడలు మాకు కుర్చీలు వేసి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అక్క గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, ముందు నా మెడకున్న గుడ్డను చూసింది.

"నొస్తదా తమ్మీ?" అని అడిగింది.

లేదని తల ఊపాను. మా ఆవిడ కుర్చీలోంచి లేచి ఆమె పక్కన చాప మీద కూర్చుంది.

"అక్కా, కాలవెట్టలేదని కోపమా?" అని అడిగింది సూటిగా.

అక్క చీర అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

"కాలవెడ్తె ఏంది, కాలేజికి ఇస్తె ఏంది. నాతోని ఎప్పుడో చెప్పిండు వాడు. నోర్మూసుకోరా అన్న, గని వాడు అన్నంక చేస్తడని నాకు ఎర్కనే." అంచు వదిలేసింది. "మొఖం సూడలే చెల్లె. బస్సుల గూసున్న, వాన పడవట్టె. పోయేసరికి మంచం ఖాళీ ఉండె. తానం ఎవరు వోసిన్రో తెల్వదు. బట్టలు ఏం తొడిగిన్రో తెల్వదు. ఎట్ల పండిండో, ఎట్ల పోయిండో నాకేం తెల్వదు."

మా ఆవిడ చెప్పబోయింది. "నేను ఉన్ననక్కా అక్కడ, తానం..."

అక్క చెయ్యెత్తి ఆపింది. "ఇప్పుడు జెప్పకు. మావోళ్లు ఏమంటున్నరో ఎర్కనా? దిక్కులేని పీనుగను దీస్కపోయినట్టు బండిల ఏసి పంపిన్రంట. ఊర్లె అందరు గదే అనుకుంటున్నరు. సభ దినం మావోళ్లు గూడ వస్తరు. అప్పుడు జెప్పు. నలుగుర్ల జెప్పు."

చాయ్ తాగి లేచాం. దిగేటప్పుడు మెట్ల మీద మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు జేబులోంచి పాత ఉపన్యాసం తీసి చూశాను. అందులో ఒక్క ముక్క కూడా ఇక పనికిరాదు.

ఇంటికి రాగానే బల్ల దగ్గర ఆమెను కూర్చోబెట్టాను. "ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పు. నేను అక్కడ లేనట్టే చెప్పు" అని రాశాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నేను రాసుకుంటూ పోయాను. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే పొద్దు గడిపాం. అయినా ఆమె చూసినవి వేరు, నేను చూసినవి వేరు. స్నానం పోసింది నేను, పక్కింటాయన. ఆ గదిలోకి ఆమె రాలేదు. అదే సమయంలో ఆమె అవతలి గదిలో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆ చొక్కాకు పైగుండీ లేదన్న సంగతి నాకు తెలియదు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో నేను మోచేత్తో చూశానన్న సంగతి ఆమెకు తెలియదు. ఒకరు మరిచిపోయింది మరొకరు అందించాం. నేను పలక మీద రాస్తుంటే ఆమె "ఆ, అవును" అనేది. ఒకచోట ఇద్దరం ఆగిపోయాం. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చింది.

ఉపన్యాసం రాయడంలో నాకున్న నేర్పు పక్కన పెట్టడం అంత తేలిగ్గా జరగలేదు. ముగింపు దగ్గర చేయి తిన్నగా ఉండలేదు. పోయేముందు వాడు అక్కను తలుచుకున్నాడని ఒక వాక్యం రాశాను. "మా అక్క ఎట్లుందో అని ఆ పొద్దున కూడా అన్నాడు" అని. ఆ వాక్యానికి హాలంతా కరిగిపోతుందని నాకు తెలుసు.

మా ఆవిడ చదివింది. "అన్నడా?" అని అడిగింది.

తల అడ్డంగా ఊపాను.

"అనలే గద. కూతురు చెప్పింది మనకు, చాయ్‌ల చక్కెర తక్కువైందన్నడు, అంతే. ఆమె కనుక్కుంటది. మిగతాది నిజమైనా అప్పుడు ఇక నమ్మదు."

కొట్టేశాను. ఆ స్థానంలో చక్కెర సంగతే రాశాను.

తర్వాత పని అంతా ఆమె నోటితోనే జరిగింది. నేను రాసిన ప్రతి వాక్యం ఆమె పైకి చదివేది. చదువుతూ మార్చి పలికితే, ఆమె పలికినట్టే కాగితం మీద దిద్దేవాణ్ణి. నేను "స్నానం చేయించారు" అని రాస్తే ఆమె నోట "తానం పోసిన్రు" అని వచ్చేది. "ధరింపజేశాము" అన్నచోట ఆమె నాలుక ఆగిపోయేది, "తొడిగినం" అనగానే సాగేది. ఊపిరి తీసుకునే చోట చిన్న గీత పెట్టేవాణ్ణి. మొదట్లో గీతలు ఎక్కడెక్కడో పెట్టాను, నా పాత ఊపిరి లెక్కన. ఆమె ఊపిరి చిన్నది. ఒక వాక్యాన్ని విరిచి రెండు చేయాలి, కొన్నిచోట్ల మూడు. విరిచేకొద్దీ ఉపన్యాసం పొట్టిదవుతూ వచ్చింది, బరువు మాత్రం తగ్గలేదు. అది విన్నప్పుడు నాకు కాలేజీలో అన్నేళ్లు నేర్పిన విద్య మొదటిసారి చేస్తున్నట్టు అనిపించింది. నా నోట్లోంచి కాకపోయినా, నా ఎదురుగా వాక్యాలు మళ్లీ ధ్వనించాయి. ఏడాదిగా మూగబోయిన ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

మిత్రుడి కూతురికి ముందే చూపించడం న్యాయమనిపించి అశోక్‌నగర్‌కు తీసుకెళ్లాం. ఆ అమ్మాయి నిలబడే చదివింది. చదివి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా జిరాక్సు షాపు ముందు పరీక్షల పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఇందుల ఒక మాట లేదు అంకుల్" అంది. "అత్తమ్మ బస్సుల ఉన్నదని నాకు ఎర్క. ఇంక జర సేపు ఆపుతరా అని ఆ బండాయనను నేను అడగనే లేదు. అడిగితె ఆగునేమొ. అది గూడ రాయండి."

నేను మా ఆవిడ వైపు చూశాను. రాయవచ్చు. సభలో ఆ మాట ఎలాంటి పని చేస్తుందో నాకు తెలుసు. కానీ ఆ తర్వాత చుట్టాలందరి ముందు ఈ పిల్ల తల ఎత్తుకోగలదా?

మా ఆవిడ ఆమె చేతిలోంచి కాగితాలు తీసుకుంది. "అది నీ మాట బిడ్డా. నేను చదివితె నాది అయితది. నీ అత్తతోని నువ్వే చెప్పుకోవాలె. మైకుల గాదు."

సభ రోజు వాన లేదు. హాలు చిన్నదే అయినా కుర్చీలన్నీ నిండాయి. ఆఫీసులో వాడితో పనిచేసినవాళ్లు, అశోక్‌నగర్ వీధి వాళ్లు, పై వాటా పిల్లలు వచ్చారు. పాలమూరు నుంచి చుట్టాలు ఒక జీపులో వచ్చి ఒకే చోట కూర్చున్నారు. అక్క ముందు వరుసలో, కొడుకు పక్కన. కూతురు వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆఫీసు మిత్రులు ఇద్దరు మాట్లాడారు. వాడి మంచితనం గురించి, క్రమశిక్షణ గురించి, నేను పూర్వం మాట్లాడిన తీరులోనే. అక్క నేల వైపు చూస్తూ ఉంది.

మా ఆవిడను పిలిచారు. ఆమెతో పాటు నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. కాగితం ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకున్నాం. ఆమె "సభకు నమస్కారం" అనలేదు. అది వద్దని ఇద్దరం అనుకున్నదే. ముందు వరుస వైపు చూసి మొదలుపెట్టింది.

"అక్కా, ఆ దినం మీరు వచ్చేవరకు అన్న లేకుండె. మేము ఉన్నం. అన్న ఎట్ల పోయిండో బిడ్డ చెప్పింది, ఆ తర్వాత నేను చూసింది చెప్త.

పొద్దున కుర్చీల కూసొని చాయ్ తాగుతున్నడు. చక్కెర తక్కువైందన్నడు. బిడ్డ చక్కెర తేనీకి లోపటికి పోయింది. వచ్చేవరకు తల పక్కకు వాలింది. బాధ పడలే. పిలవలే. గ్లాసు చేతులనే ఉండె.

నోట్ల నీళ్లు బిడ్డనే పోసింది.

మా ఆయన, పక్కింటన్న కలిసి తానం పోసిన్రు. నీళ్లు వెచ్చగ పెట్టిన్రు. మా ఆయన మోచెయ్యి పెట్టి చూసినంకనే పోసిండు. ఒళ్లంత తుడిచిన్రు. చెవుల వెనక గూడ తుడిచిన్రు.

తెల్ల చొక్కా తొడిగినం. దానికి పైగుండి ఊడిపోయి ఉండె. నేనే కుట్టిన. పంచె కట్టినం. తల దువ్వినం, ఆయన దువ్వుకున్నట్టె, ఎనకకు.

గల్లీల అందరు వచ్చిన్రు. కాళ్లకు మొక్కిన్రు. పై పోర్షన్ల పిల్లలు పుస్తకాలు ఇడిచిపెట్టి పొద్దంత ఆడనే నిలబడ్డరు."

ఇక్కడ ఆమె కళ్లజోడు మసకబారింది. కాగితం మీద తర్వాతి మాట కనబడటం లేదని నాకు తెలిసింది. వేలితో ఆ వరుస చూపించాను. ఆమె ఊపిరి తీసుకుంది. ఆ చోట గీత లేదు.

"అన్న ఒక్కడు పోలే అక్కా. బండిల నేను, మా ఆయన, బిడ్డ కూసున్నం. కాలేజి దాక పోయినం. బిడ్డ తండ్రి చెయ్యి ఇడువలే. కాలేజిల ఒక డాక్టరమ్మ ఉండె. మమ్ములను చూసి లేచి నిలబడ్డది. అన్నకు రెండు చేతులెత్తి మొక్కింది. ఆమెతోని ఉన్న పిల్లలందరు గూడ మొక్కిన్రు. అప్పుడే లోపటికి తీసుకపోయిన్రు.

ఇంతే అక్కా. నేను చూసింది ఇది. మీరు ఉండి చూడవలసింది. మీ బదులు మేము చూసినం."

హాలులో చప్పట్లు పడలేదు. మొదట పాలమూరు చుట్టాల్లో ఒక ముసలాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరో ముక్కు చీదారు. అక్క తల ఎత్తి మా ఆవిడనే చూస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మేం వేదిక దిగి ఆమె దగ్గరికి వెళ్లాం. ఆమె మా ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"కండ్లు మూసి ఉన్నయా?" అని అడిగింది.

ఉపన్యాసంలో ఆ ముక్క లేదు. అంత జాగ్రత్తగా ఏరుకుని కూడా మేం ఇద్దరం దాన్ని వదిలేశాం.

"మూసినయి అక్కా" అంది మా ఆవిడ. "జర తెరిసి ఉండె. మీ మేనకోడలు చేత్తోని నిమిరి మూసింది."

అప్పుడు అక్క మొదటిసారి మెట్ల దగ్గర నిలబడ్డ మేనకోడలి వైపు చూసింది. ఆ అమ్మాయి వచ్చి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. అక్క ఆమె తల మీద చెయ్యి పెట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు. పక్కన కొడుకు కూర్చున్న కుర్చీ చూపించి, "నువ్వు లెవ్వురా, అది కూసుంటది" అంది.

ఆ సాయంత్రం ఆమె అడిక్‌మెట్ వెళ్లలేదు. సంచీ తెప్పించుకుని అశోక్‌నగర్ ఇంటికి వచ్చింది.

మరుసటి రోజు మధ్యాహ్నం మేం వెళ్లేసరికి అక్క వంటింట్లో పొయ్యి ముందు నిలబడి జొన్నరొట్టె చేస్తోంది. స్టవ్ ఎత్తు ఆమెకు కుదరక చిన్న పీట వేసుకుని దాని మీద నిలబడింది. మేనకోడలు గుమ్మానికి ఆనుకుని ఉంది. మా ఇద్దరినీ చూసి కూడా ఆ అమ్మాయి అక్కణ్ణుంచి కదలలేదు. అప్పటికే ఏదో చెప్పబోతూ ఆగినట్టుంది. మేం హాల్లోనే కూర్చున్నాం గానీ, ఆ ఇంట్లో ఎక్కడ మాట్లాడినా అంతటా వినిపిస్తుంది.

"అత్తమ్మా, నువ్వు బస్సుల ఉన్నవని నాకు ఎర్క" అంది. "ఆపుమని నేను అడగలే."

రొట్టె మీద తడి చేత్తో అద్దుతున్న చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. అక్క ఆ రొట్టె తిప్పి, అవతలి వైపు కాల్చింది.

"నేను పోయినప్పుడు నువ్వు వచ్చేదాక నన్ను ఉంచమని మా పిలగానికి చెప్త" అంది చివరికి. "ఎంత పొద్దువోయినా సరే. నువ్వు మాత్రం రావాలె."

ఆ అమ్మాయి వస్తానంది. అక్క కాలిన రొట్టె గిన్నెలో వేసి ఆమె చేతికిచ్చి, ఇంకో పిండిముద్ద తీసుకుంది. మా ఆవిడ లేచి, నలుగురికీ కంచాలు పెట్టడానికి లోపలికి వెళ్లింది.